బెంగళూరు చలిలో తెల్లారుజామున బైక్: నెల రోజుల రైడర్‌ని, వేళ్లు బ్రేక్ పట్టుకోవడం లేదు

పెనుకొండ_పిల్లోడు | డిసెంబర్ 9, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇరవై ఏడేళ్లు వచ్చాక బండి నేర్చుకున్నాను, నవ్వకండి. లైసెన్స్ చేతికొచ్చి నెల అయింది. సెకండ్ హ్యాండ్‌లో 150 సీసీ బండి కొన్నాను, 2021 మోడల్. ఉండేది యలహంక, ఉద్యోగం దేవనహళ్ళి దగ్గర. షిఫ్టు పొద్దున ఆరింటికి, కాబట్టి ఐదుంపావుకి బండి తీయాలి.

నవంబర్ దాకా హాయిగా ఉంది. ఈ వారం నుంచి చలి. ఫోన్‌లో 14 డిగ్రీలు చూపిస్తోంది గానీ బండి మీద అది 14లా లేదు. గురువారం సాదహళ్ళి టోల్ దాటాక, మార్కెట్‌లో పూలు దించేసి ఖాళీ బుట్టలతో ఊరికి తిరిగిపోతున్న గూడ్స్ ఆటో ఒకటి నా ముందు టక్కున స్లో అయింది. బ్రేక్ లివర్ మీద వేళ్లు మూద్దామంటే మూసుకోలేదు. నిజంగా చెబుతున్నా, అవి వేరే ఎవరివో అన్నట్టు ఉన్నాయి. భయంతో కాలి బ్రేక్ తొక్కేశాను, వెనక చక్రం పక్కకి జారింది, క్లచ్ పట్టుకోలేదు కాబట్టి బండి కుదిపి ఆగిపోయింది. నా ముందు చక్రానికీ ఆ ఆటోకీ మధ్య జానెడు దూరం. ఆ బుట్టల్లోంచి చేమంతుల వాసన వచ్చింది. అది ఇంకా ముక్కులోనే ఉంది.

అడగాల్సినవి మూడు. గ్లవ్స్ వేసుకున్నా (ఎండాకాలం జాలీవి) వేళ్లు ఎందుకు పనిచేయట్లేదు? హెల్మెట్ అద్దం ఆవిరి పట్టి ఏమీ కనబడదు, ఏం చేయాలి? సంక్రాంతికి బండి మీదే పెనుకొండ వెళ్దామని ఆశ. యలహంక నుంచి నూటపాతిక కిలోమీటర్లు ఉంటుంది. అమ్మ బస్సులో రమ్మంటోంది. వెళ్లొచ్చా?

లంబసింగి88 | డిసెంబర్ 9, రాత్రి 10:58

బెంగళూరులో చలా బ్రో? మా ఊరు వచ్చి చూడు, జనవరిలో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. 14 డిగ్రీలకి మేం ఐస్‌క్రీం తింటాం.

లెక్కల_మాస్టారు | డిసెంబర్ 9, రాత్రి 11:20

@లంబసింగి88 మీరు ఐస్‌క్రీం తినేది నిలబడి. అబ్బాయి వెళ్లేది 60 స్పీడ్ మీద. రెంటికీ పొంతన లేదు.

గాలి వేగం పెరిగేకొద్దీ ఒంటి మీది వేడిని ఊడ్చుకుపోతుంది. 10 డిగ్రీల చలిలో 80 మీద వెళ్తే తెరిచి ఉన్న చర్మానికి 4, 5 డిగ్రీల్లో నిలబడ్డట్టే ఉంటుంది. అన్నట్టు బెంగళూరులో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది, ఈ ఊరి రికార్డు అదే. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న ఊరిది, తీసిపారేయకండి.

ఇంకో లెక్క. 60 మీద బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. వేళ్లు అర సెకను ఆలస్యంగా మూసుకుంటే 8 మీటర్లు, అంటే మూడు ఆటోలు వరసగా నిలబెట్టినంత. పెనుకొండ తమ్ముడికి మిగిలింది జానెడు.

లంబసింగి88 | డిసెంబర్ 9, రాత్రి 11:24

సరే మాస్టారూ, ఐస్‌క్రీం వెనక్కి తీసుకున్నా.

హెబ్బాళ_రైడర్ | డిసెంబర్ 10, ఉదయం 7:05

తమ్ముడూ, ముందు ఒక మాట. నిన్ను పడేయబోయింది రోడ్డు కాదు, చేతులు. మన దగ్గర నేల మీద మంచు గడ్డకట్టదు, ఊటీ పైకి జనవరిలో వెళ్తే తప్ప. కాబట్టి కొత్తవాళ్లు "చలిలో టైర్లు జారతాయట" అని టెన్షన్ పడుతూ వేళ్ల సంగతి మర్చిపోతారు. పదేళ్లుగా ఈ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోనే తిరుగుతున్నాను, చలికాలంలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం మొద్దుబారిన చేతులవీ ఆవిరి పట్టిన అద్దాలవీ.

జాలీ గ్లవ్స్ పక్కన పెట్టేయ్. అవి గాలి లోపలికి రావడానికే కుట్టినవి. గాలి దూరని గ్లవ్స్ కావాలి, లోపల పల్చటి అస్తరు ఉండాలి, మణికట్టు దాటి జర్కిన్ చేతుల కిందికో మీదికో వచ్చేంత పొడుగుండాలి. షాపులో వేసుకుని చూసేటప్పుడు పిడికిలి బిగించు. వేళ్ల కొసలు బట్టకి తగిలి లాగినట్టుంటే ఒక సైజు పెద్దది తీసుకో. బిగుతు గ్లవ్స్ రక్తాన్ని ఆపేస్తాయి, అప్పుడు మందంగా ఉన్నా చలే. మరీ దుప్పటి లాంటివి కొంటే లివర్ ఎక్కడుందో తెలియదు, అదీ ప్రమాదమే.

ఈ నెలకి డబ్బుల్లేవంటే మెడికల్ షాపులో దొరికే పల్చటి రబ్బరు గ్లవ్స్ లోపల వేసుకుని పైన నీవి వేసుకో. చెమట పడుతుంది, అసహ్యంగా ఉంటుంది, కానీ గాలి ఆగుతుంది. హ్యాండిల్‌కి చేతుల ముందు ప్లాస్టిక్ హ్యాండ్ గార్డులు వేయించుకుంటే ఇంకా మంచిది. జాగ్రత్తకోసం రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేక్ లివర్ మీద ఉంచమని అందరం చెబుతాం కదా, ఆ రెండు వేళ్లకే గాలి ముందు కొడుతుంది. గార్డు ఆ రెండిటి కోసం.

అద్దం గురించి సాయంత్రం రాస్తా, ఇప్పుడు ఆఫీసు.

నైట్‌డ్యూటీ | డిసెంబర్ 10, ఉదయం 9:31

నర్సుని, నైట్ డ్యూటీ దిగి స్కూటర్ మీద ఇంటికొచ్చి ఇప్పుడే చదివాను. హెబ్బాళ అన్న చెప్పింది సగం. మిగతా సగం నేను చెబుతా.

ఒళ్లు చల్లబడుతుంటే శరీరం ముందు గుండెనీ పొట్టనీ కాపాడుకుంటుంది. అందుకని చేతులకీ కాళ్లకీ వెళ్లే రక్తనాళాలను ముడిచేస్తుంది. కాబట్టి ఛాతీ, మెడ చల్లగా ఉంటే ఎంత ఖరీదైన గ్లవ్స్ వేసినా వేళ్లు చల్లగానే ఉంటాయి. తమ్ముడూ, జర్కిన్ జిప్పు మెడ దాకా పెడుతున్నావా? మెడ చుట్టూ ఏముంది? నువ్వు రాయలేదు.

ఒంటికి ఆనుకుని కాటన్ బనియన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది. జిమ్‌కి వేసుకునే లాంటి త్వరగా ఆరే టీషర్టు, దాని మీద స్వెటర్, అన్నిటికన్నా పైన గాలి దూరనిది. ఆ పైది లేకపోతే స్వెటర్ అల్లికలోంచి గాలి దూసుకుపోతుంది.

చున్నీ, మఫ్లర్ వేలాడదీసుకుని బండెక్కద్దు, ఆడా మగా ఎవరైనా. చక్రంలోనో చైన్‌లోనో చుట్టుకుంటే ఏమవుతుందో మా క్యాజువాలిటీలో చూశాను, రాయను. మెడకి గొట్టంలా తొడుక్కునేవి దొరుకుతాయి, అవి తీసుకో.

ఆపకుండా వణుకు, మాట తడబడటం, తాళం చెవి పెట్టడానికి కూడా చేతులు తొట్రుపడటం, వీటిల్లో ఏది వచ్చినా బండి పక్కకి తీసి ఆపేయాలి. ఇంకో ఐదు కిలోమీటర్లే కదా అనుకోవద్దు. చలికి నీ వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, వేడి తగిలాక ఎర్రగా మారుతున్నాయా? అలా అయితే డాక్టర్‌కి చూపించు, రేనాడ్స్ అనే తేడా ఉంటుంది కొందరికి.

కిక్కర్ | డిసెంబర్ 10, ఉదయం 11:15

ఇవన్నీ లేని రోజుల్లో కూడా బండ్లు నడిపాం నాయనా. న్యూస్ పేపర్ నాలుగు మడతలు పెట్టి జర్కిన్ లోపల ఛాతీకి అడ్డంగా పెట్టుకో. నేను యశ్వంతపురలో ఉద్యోగం చేసినన్నాళ్లూ అదే. ఇక బండి స్టార్ట్ చేసే ముందు చోక్ లాగి, నాలుగు కిక్‌లు కొట్టి, బాగా రేజ్ చేసి ఇంజన్ వేడెక్కాక బయలుదేరు.

గోదారోడు_బీటీఎం | డిసెంబర్ 10, ఉదయం 11:22

పేపరా అండి? 😄 పండగ సప్లిమెంటు అయితే ఇంకా వెచ్చగా ఉంటుందేమో.

పానాపట్టి | డిసెంబర్ 10, మధ్యాహ్నం 1:40

కిక్కర్ అంకుల్, పేపర్ సంగతి ఒప్పుకుంటా. గాలిని ఆపుతుంది, మడతల మధ్య గాలి పొర వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. చోక్ మాత్రం కుదరదు. 2021 బండి అంటే బీఎస్6, అదే బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన నిబంధన. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లు ఆ లెక్కన వచ్చినవే, 150 సీసీల్లో పెట్రోల్‌నీ గాలినీ కలిపే కార్బ్యురేటర్ పోయి, పెట్రోల్‌ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. చోక్ అనేదే ఉండదు. తాళం తిప్పాక పెట్రోల్ ట్యాంకులోంచి "జుయ్" మని పంపు శబ్దం వస్తుంది, అది ఆగేదాకా రెండు సెకన్లు ఆగు, అప్పుడు సెల్ఫ్ నొక్కు. ఐదు సెకన్లకి మించి నొక్కి పట్టుకోవద్దు. అందుకోకపోతే పది సెకన్లు ఆగి మళ్లీ. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, పాత బ్యాటరీ అయితే డిసెంబర్‌లోనే బయటపడుతుంది. నా షాపుకి ఈ నెలలో పొద్దున్నే వచ్చే ఫోన్లు అవే.

స్టార్ట్ అయ్యాక రేజ్ చేయకండి. ఆయిల్ ఇంకా పైదాకా ఎక్కదు, ఆ అరుపుకి లోపల అరిగేది మీ డబ్బే. హెల్మెట్ పెట్టుకుని గ్లవ్స్ తొడుక్కునే సేపు ఐడిల్‌లో ఉంటే చాలు, తర్వాత మొదటి రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా వెళ్లు. టైర్లకీ అదే మంచిది, చల్లటి రబ్బరు పట్టు కాస్త తక్కువ.

తమ్ముడూ, ఆ క్లచ్ ఒకసారి చూపించు. సెకండ్ హ్యాండ్ బండికి క్లచ్ వైరు తుప్పు పట్టి బిర్రుగా ఉంటుంది. మామూలు చేతికి తెలియదు, చలి వేళ్లకి ఇటుక లాగినట్టుంటుంది. వైరు మార్చడం పెద్ద ఖర్చు కాదు. బ్రేక్ లివర్ కూడా నీ వేళ్లకి అందేలా ఎత్తు సరిచేయించుకో.

గాలిరాజా | డిసెంబర్ 10, సాయంత్రం 4:03

చలికాలంలో టైర్లలో గాలి ఐదు పాయింట్లు తగ్గించి నడపండి, రోడ్డుకి బాగా అతుక్కుంటుంది. మా ఫ్రెండ్స్ అందరూ నంది కొండకి అలాగే వెళ్తారు.

పానాపట్టి | డిసెంబర్ 10, సాయంత్రం 4:30

వద్దు. చలికి గాలి దానంతటదే తగ్గుతుంది. ఐదారు డిగ్రీలు పడిపోతే ఒక పాయింట్ దిగుతుంది. మధ్యాహ్నం ఎండలో 29 కొట్టించావంటే తెల్లారేసరికి 27కి దగ్గరగా ఉంటుంది. దాని మీద నువ్వు ఇంకో ఐదు తగ్గిస్తే మలుపులో బండి ఊగుతుంది, గుంటలో రిమ్ము దెబ్బతింటుంది. బండి కంపెనీ చైన్ కవర్ మీదో పుస్తకంలోనో ఎంత రాసిందో అంతే ఉంచాలి. అది కూడా బండి తీయకముందు చూసుకోవాలి. పది కిలోమీటర్లు నడిపి పంచర్ షాపుకెళ్తే టైరు వేడికి ఎక్కువ చూపిస్తుంది.

గాలిరాజా | డిసెంబర్ 10, సాయంత్రం 4:41

మా ఫ్రెండ్స్‌కి ఏమీ కాలేదు మరి.

పానాపట్టి | డిసెంబర్ 10, సాయంత్రం 4:44

సంతోషం. నా షాపు అడ్రస్ కావాలంటే మెసేజ్ పెట్టు.

హెబ్బాళ_రైడర్ | డిసెంబర్ 10, రాత్రి 9:12

అద్దం గురించి చెప్తానన్నాను కదా.

ఆవిరి నీ ఊపిరిదే. వెచ్చటి తడి ఊపిరి చల్లటి అద్దానికి తగిలి నీళ్లవుతుంది. ఊపిరిని అద్దం మీదికి పోకుండా చేయాలి, లేదా అద్దాన్ని మార్చాలి, ఈ రెండే దారులు. ముక్కు మీద బ్రెత్ గార్డు అని రబ్బరు ముక్క ఉంటుంది, కొన్ని హెల్మెట్లకి వస్తుంది, లేకపోతే విడిగా పెట్టుకోవచ్చు. గడ్డం దగ్గరి గాలి రంధ్రం చలి అని మూసేస్తారు, తప్పు. అది తెరిచే ఉంచు. సిగ్నల్‌లో ఆగినప్పుడు అద్దం ఒక్క గీత పైకి లేపు, కదిలాక దించు. ముక్కూ మూతీ మూసేసే మంకీ క్యాప్ వేసుకుంటే ఊపిరి మొత్తం నేరుగా కళ్లజోడు మీదికి వస్తుంది, కళ్లజోడు ఉందా నీకు? పైగా ఉన్ని టోపీ మందం, కొన్నాళ్లకి హెల్మెట్ లోపలి స్పాంజి అణిగిపోయి వదులవుతుంది. వదులు హెల్మెట్ ఐఎస్ఐదైనా తల మీంచి ఊడితే ఏం లాభం. పల్చటి బాలక్లావా (తలకీ మెడకీ కలిపి తొడుక్కునే పల్చటి బట్ట తొడుగు) తీసుకుని ముక్కు కిందికి లాక్కో.

పిన్‌లాక్ అని అద్దం లోపల ఇంకో పల్చటి అద్దం అతికించే ఏర్పాటు ఉంది. అది పెట్టాక నాకు ఆవిరి సమస్య పోయింది. నీ హెల్మెట్‌కి దానికోసం రెండు చిన్న గుబ్బలు ఉంటేనే పడుతుంది, కొనేముందు చూడు. లేదంటే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క అద్దం లోపలివైపు రాసి, మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచెయ్. రెండు రోజులు పనిచేస్తుంది. నల్ల అద్దంతో మాత్రం ఐదింటికి బయటికి రావద్దు.

పొగమంచు వేరే సంగతి. దేవనహళ్ళి వైపు డిసెంబర్, జనవరిల్లో విమానాలే ఆలస్యంగా లేస్తాయి, నీ బండెంత. హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ కడుతుంది, డిమ్‌లోనే ఉంచు. ఎడమవైపు తెల్ల గీత చూసుకుంటూ వెళ్లు, కానీ దాని అవతలికి దిగకు. లైట్లు లేకుండా నిలిపిన లారీలు ఉండేది అక్కడే. నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని నడపడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది, అప్పుడు నువ్వు ఎటు తిరుగుతున్నావో వెనకవాడికి తెలియదు. ఇరవై అడుగుల అవతల కనబడకపోతే రోడ్డు దిగి బంకులోకో టీకొట్టు దగ్గరికో వెళ్లి ఆగు. షిఫ్టుకి ఆలస్యమైతే మేనేజర్ తిడతాడు, తిట్టనీ.

తెల్లవారుజామున కుక్కలు తారు రోడ్డు మీదే పడుకుంటాయి, మట్టి కన్నా అది వెచ్చగా ఉంటుంది కాబట్టి. ఫ్లైఓవర్ దిగేచోట ముఖ్యంగా.

పెనుకొండ_పిల్లోడు | డిసెంబర్ 10, రాత్రి 10:30

అన్నా, అక్కా, అంకుల్, అందరికీ థాంక్స్. కళ్లజోడు ఉంది. జిప్పు మెడ దాకా పెట్టట్లేదు, పైన రెండు అంగుళాలు వదిలేస్తున్నా, స్టైల్ అని. వేళ్లు తెల్లబడటం లేదు అక్కా, మొద్దుబారడమే.

వెనక చక్రం జారింది కదా, బ్రేక్ వేస్తే చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఉంది అని అమ్మినాయన చెప్పాడే?

పానాపట్టి | డిసెంబర్ 10, రాత్రి 10:48

ఉంది, ముందు చక్రానికి. 150 సీసీ బండ్లలో చాలావాటికి సింగిల్ ఛానల్ ఏబీఎస్ వస్తుంది, అది ముందుదాన్నే చూసుకుంటుంది. వెనకది నువ్వు గట్టిగా తొక్కితే పట్టేసి జారుతుంది. ఆదివారం ఖాళీ గ్రౌండ్ చూసుకుని 30 స్పీడ్‌లో ముందు బ్రేక్ నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోవడం అలవాటు చేసుకో. ఒకేసారి గుంజకు. కొత్త గ్లవ్స్ వేసుకునే చెయ్యి ఆ ప్రాక్టీసు, లేకపోతే లాభం లేదు.

చలిమంట | డిసెంబర్ 11, అర్ధరాత్రి 12:15

ఒక చిన్న పెగ్గు వేసుకుని బయలుదేరితే ఈ గొడవలేవీ ఉండవు కదా మామా 😜

నైట్‌డ్యూటీ | డిసెంబర్ 11, అర్ధరాత్రి 12:40

సరదాకైనా కొత్త పిల్లాడికి చెప్పకండి. మందు చర్మం దగ్గరి నాళాలను తెరుస్తుంది, వెచ్చగా ఉందనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది. చట్టం సంగతి వేరే చెప్పాలా.

*(చలిమంట పోస్టుకి వచ్చిన మరో నాలుగు జవాబులు తొలగించాను. బండి గురించి రాయండి. మోడరేటర్)*

గోదారోడు_బీటీఎం | డిసెంబర్ 11, ఉదయం 8:20

పెనుకొండ బాబూ, మూడో ప్రశ్నకి ఎవరూ చెప్పలేదండి. నా మాటగా, వెళ్లొచ్చు. కాకపోతే తెల్లారి నాలుగింటికి లేచి వీరుడిలా బయలుదేరకు. జనవరి మొదట్లో ఇక్కడ సూర్యుడు పావుతక్కువ ఏడింటికి గానీ రాడు. ఎనిమిదిన్నరకి కదులు, పొగమంచు విడిపోతుంది, వేళ్లకి ఎండ తగులుతుంది, చీకటి పడకముందే ఇల్లు. నువ్వు వెళ్లే హైవేలో పండక్కి హైదరాబాద్ దాకా వెళ్లే కార్లన్నీ ఉంటాయి, ఎడమవైపు లేన్‌లో నీ పని నువ్వు చూసుకో. చిక్కబళ్ళాపురం దగ్గర ఒకసారి, బాగేపల్లిలో ఒకసారి ఆగు, ఆకలి లేకపోయినా సరే. దిగి చేతులు రెండూ భుజాల నుంచి గుండ్రంగా గట్టిగా తిప్పు, పదిహేను సార్లు. రక్తం వేళ్ల కొసలకి వచ్చి చురచురమంటుంది. చూసేవాళ్లు నవ్వుతారు, ఫర్వాలేదు. సైలెన్సర్ మీద చేతులు పెట్టొద్దు, మా కజిన్ పెట్టాడు, గ్లవ్ అతుక్కుపోయింది.

కిక్కర్ | డిసెంబర్ 11, ఉదయం 8:51

పేపర్ మర్చిపోకు.

పెనుకొండ_పిల్లోడు | జనవరి 17, రాత్రి 9:55

వెళ్లొచ్చాను! చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నా.

క్లచ్ వైరు మార్పించాను. పానాపట్టి అన్న చెప్పింది నిజం, పాత వైరు లాగి చూపించాడు మెకానిక్, రెండు పోగులు తెగి ముళ్లులా ఉన్నాయి. గ్లవ్స్ ఒక సైజు పెద్దవి కొన్నాను. రెండు ఆదివారాలు గ్రౌండ్‌లో బ్రేకులు ప్రాక్టీసు చేశాను, క్రికెట్ ఆడే పిల్లలు నన్ను చూసి స్కోరు చెప్పడం మొదలుపెట్టారు.

12న తొమ్మిదింటికి బయలుదేరాను (ఎనిమిదిన్నర అనుకుంటే టిఫిన్‌కి ఆలస్యమైంది). 60, 65 మధ్యే నడిపాను. చిక్కబళ్ళాపురం దాకా చేతులు బాగున్నాయి, ఆ తర్వాత చిటికెన వేళ్లు మొదలెట్టాయి. ఒకటే గమనించాను. వేళ్లు పోతున్నాయని మనకి చివర్లో తెలుస్తుంది. అందుకని పది నిమిషాలకోసారి బొటనవేలితో మిగతా నాలుగింటినీ వరసగా తాకి చూసుకున్నా. చిటికెన వేలు దాకా అందకపోతే ఆగిపోవడమే. అలా రెండుసార్లు కాదు, మూడుసార్లు ఆగాను.

బాగేపల్లిలో టీకొట్టు దగ్గర చేతులు గాల్లో తిప్పుతుంటే ఒక పెద్దాయన తెలుగులోనే "ఏమప్పా, పట్టేసిందా" అని అడిగి కుర్చీ వేశాడు. జిప్పు తీసి లోపలి పేపర్ బయటికి లాగాను, చెమటకి కాస్త ముడతలు పడింది. అవును అంకుల్, పెట్టుకున్నాను! టీ వచ్చేలోపు ఆ పెద్దాయన దాన్ని చేతిలోంచి తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. నేను బయలుదేరేటప్పుడు ఇంకా క్రీడల పేజీలో ఉన్నాడు. అడగలేకపోయాను. అక్కడి నుంచి పెనుకొండ దాకా పేపర్ లేకుండానే వెళ్లాను, అప్పటికి ఎండ బాగా వచ్చింది కాబట్టి సరిపోయింది.

కిక్కర్ | జనవరి 17, రాత్రి 10:06

తిరిగి వచ్చేటప్పుడు?

పెనుకొండ_పిల్లోడు | జనవరి 17, రాత్రి 10:09

అమ్మ రెండు పేపర్లు ఇచ్చింది అంకుల్. ఒకటి పెట్టుకోడానికి, ఒకటి బాగేపల్లి ఆయనకి.